‘సబ్‌లే బఢియా’: ఒక మెచ్చుకోలు మాట వెనుక కథ

ఒక జాతి స్వభావాన్ని తెలుసుకోగోరేవారు ఆ జాతి మెచ్చుకోలు మాటలను శ్రద్ధగా పరిశీలించాలి. తిట్టు మనిషి కోపాన్ని బయటపెడుతుంది. మెచ్చుకోలు అతడు దేనిని గొప్పగా ఎంచుతాడో బయటపెడుతుంది. పండితులు ప్రశంసకు శ్లోకాలు రచిస్తారు, ప్రభుత్వాలు బిరుదులు ప్రదానం చేస్తాయి. సామాన్య జనం మాత్రం రెండు మూడు మాటలను ప్రాసతో ముడివేసి, నవ్వుతూ ఎదుటివాని భుజం తట్టి ఊరుకుంటారు. నిఘంటువులలో ఇటువంటి మాటలకు పెద్దపీట దొరకదు. అయినా అవి ఒక ప్రాంతపు చరిత్రను, అక్కడి జనుల అభిమానాన్ని, ఒక్కొక్కప్పుడు వారి మనసులోని గాయాన్ని కూడా మోస్తూ ఉంటాయి.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఇటువంటి మాట ఒకటి ఉన్నది: ‘ఛత్తీస్‌గఢియా, సబ్‌లే బఢియా.’ ఛత్తీస్‌గఢ్ వారు అందరికంటె మేటి అని దీని భావం. రాయపూర్ బజారులో, దుర్గ్ రైలుస్టేషనులో, పల్లె జాతరలో, ఎన్నికల సభలో, ఆటల పోటీలో ఈ మాట వినిపిస్తుంది. దేశం నలుమూలల నుండి వచ్చిన జనంతో నిండిన ఉక్కునగరం భిలాయిలో ఇది చెవిని పడినప్పుడు మాత్రం ఒక ప్రశ్న తలెత్తక మానదు. ఇంతకూ ఛత్తీస్‌గఢియా అంటే ఎవరు? ఈ చిన్న మెచ్చుకోలు ఎవరిని లోనికి పిలుస్తున్నది, ఎవరిని వాకిట నిలబెడుతున్నది?

మాట నిర్మాణం

ముందుగా మాటలను విడదీసి చూద్దాం. ఛత్తీస్‌గఢ్ అంటే ముప్పది ఆరు కోటలు. కలచురి రాజుల కాలంలో శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ శాఖ క్రింద పదునెనిమిది, దక్షిణాన రాయపూర్ శాఖ క్రింద పదునెనిమిది కోటలు ఉండేవని, వాటిని బట్టియే ఈ పేరు వచ్చినదని సంప్రదాయం చెబుతున్నది. ఆ శివనాథ్ నది దుర్గ్ పట్టణం ప్రక్కనుండే ప్రవహిస్తుంది. దేశనామానికి ‘ఇయా’ అనే ప్రత్యయం చేరితే ఆ చోటికి చెందినవాడు అనే అర్థం వస్తుంది. కాన్పూరువాడు కాన్పురియా అయినట్లే, ఛత్తీస్‌గఢ్‌వాడు ఛత్తీస్‌గఢియా అవుతాడు.

‘సబ్‌లే’ అన్నది ఈ వాక్యానికి స్థానికమైన రుచిని ఇచ్చే మాట. ప్రామాణిక హిందీలో ‘సబ్‌సే’ అనవలసిన చోట ఛత్తీస్‌గఢీ భాష ‘సబ్‌లే’ అంటుంది. ‘లే’ అనే విభక్తి మన ‘నుండి’కి, ‘కంటె’కు కూడా సమానం. ఆ ఒక్క అక్షరం మారితే చాలు, వాక్యం ఊరి మట్టి వాసన కోల్పోయి పాఠ్యపుస్తకపు హిందీ అయిపోతుంది.

ఇక ‘బఢియా’. పెరుగుట అనే అర్థం గల ‘బఢ్‌నా’ అనే క్రియనుండి ఈ మాట పుట్టింది. దానికి మూలం సంస్కృతంలోని ‘వృధ్’ ధాతువు. వృద్ధి, వర్ధంతి, వర్ధిల్లు అనే మన మాటలు ఆ ధాతువు సంతానమే. అప్పు మీద పెరిగే సొమ్మును మనం ‘వడ్డి’ అంటున్నాము. అదీ ప్రాకృతం గుండా వచ్చిన ఆ కుటుంబపు మాటయే. గుణం పెరిగితే హిందీవారికి ‘బఢియా’, సొమ్ము పెరిగితే తెలుగువారికి ‘వడ్డి’! ఒకే విత్తనం రెండు నేలలలో పడి రెండు రకాల పంట పండించిన తీరు ఇది.

ఛత్తీస్‌గఢీలో మంచి అన్న అర్థానికి వేరే మాటలు లేకపోలేదు. క్షేమసమాచారం అడిగితే పల్లెవాసి ‘బనే బనే’ అంటాడు. అందమైన దానిని ‘సుగ్ఘర్’ అంటాడు. ఈ నానుడిలో మాత్రం ‘బఢియా’కే చోటు దక్కింది. కారణం ప్రాస. ‘గఢియా’ అన్న వెంటనే చెవి ‘బఢియా’ కోసం ఎదురు చూస్తుంది. అంత్యప్రాస వలన వాక్యం పిల్లల ఆటపాటలా నాలుక మీద నిలుస్తుంది. ఈ చమత్కారమే దీనిని గర్వోక్తి కాకుండా కాపాడుతున్నది. నవ్వుతూ చెప్పిన గొప్పను ఎవరూ తప్పు పట్టరు కదా!

మెచ్చుకోలు మాటల వలస

ప్రశంసావాచకాలు పుట్టిన ఊరిలో కట్టుబడి ఉండవు. మనం నిత్యం వాడే ‘భేష్’ పారసీకంనుండి హిందుస్తానీ ద్వారా తెలుగులోకి వచ్చింది. పారసీకంలో ‘బేష్’ అంటే ఎక్కువ, అధికం. అంటే ‘బఢియా’ నడచిన దారినే ‘భేష్’ కూడా నడిచిందన్న మాట. ఎక్కువైనది మేలైనది అయింది. మనం దానికి తెలుగు తొడుగు తొడిగి ‘భేషుగ్గా ఉన్నది’ అనే స్థితికి తెచ్చుకున్నాము. ‘శభాష్’ కూడా పారసీకమే. ‘షాద్ బాష్’, అనగా సంతోషంగా ఉండు అని అర్థం. అది పుట్టుకతో ఆశీర్వచనం, వాడుకలో అభినందన. మన ‘భళా’, ‘భళి’ అనే మాటలకూ, హిందీ ‘భలా’కూ చుట్టరికం ఉన్నది, హిందీ మాటకు మూలం సంస్కృతంలోని ‘భద్ర’ శబ్దం.

వలసలో మాటలు వేషం మార్చుకొనడం కూడా కద్దు. హిందీలో ‘బడాయీ’ అంటే గొప్పతనం, ఇతరులను పొగడడం. ‘వారి బడాయీ చేశారు’ అంటే వారిని ప్రశంసించారని అర్థం. ఆ మాటే తెలుగులోకి వచ్చి ‘బడాయి’ అయ్యేసరికి తన్ను తాను పొగడుకొనడం అయింది. ఒకరిని మెచ్చుకొనే మాట మన దగ్గర డంబానికి పేరైంది. హిందీలో ‘బధాయీ’ అనే మరొక మాట ఉన్నది, అది శుభాకాంక్ష. బధాయీ, బడాయీ, బడాయి: ఈ మూడింటి మధ్య దూరం ఒక హల్లు, ఒక దీర్ఘం మాత్రమే. అనువాదకుడు ఏమరుపాటుగా ఉంటే అభినందన కాస్తా ఆక్షేపణ అయ్యే ప్రమాదం ఉన్నది.

నేటి యువకుల వ్యావహారికంలో మరొక రకం ప్రశంస ప్రబలింది. ‘అదరగొట్టాడు’, ‘చింపేశాడు’, ‘దుమ్ము లేపాడు’ అనే మాటలలో మెచ్చుకోలు విధ్వంసపు వేషం ధరిస్తుంది. ప్రమాదకరం అనే అర్థం గల హిందీ ‘ఖతర్‌నాక్’ తెలంగాణంలో ‘కతర్నాక్’గా మారి ప్రశంస అయింది. అరబ్బీలో ఆగ్రహాన్ని సూచించే ‘గజబ్’ హిందీలోను, ఛత్తీస్‌గఢీలోను ఆశ్చర్యంతో కూడిన మెచ్చుకోలుగా స్థిరపడింది. ఇలా చూస్తే మెచ్చుకోలు మాటలలో మూడు కుదుళ్లు కనిపిస్తాయి. వృద్ధినుండి పుట్టినవి కొన్ని, ఆశీస్సునుండి పుట్టినవి కొన్ని, భయంనుండి పుట్టినవి మరికొన్ని. ‘సబ్‌లే బఢియా’ మొదటి కుదురుకు చెందినది. అది ఎవరినీ చించదు, ఎవరినీ భయపెట్టదు.

ఉక్కునగరంలో ఈ మాట

ఈ మాటకు భిలాయిలో ప్రత్యేకమైన అర్థం ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే ఆ నగరపు పుట్టుకను జ్ఞప్తికి తెచ్చుకోవాలి. పది లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారాన్ని నెలకొల్పడానికి 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, హౌరా-బొంబాయి రైలుమార్గం మీద భిలాయి దానికి స్థానమైంది. దల్లీ-రాజహరా గనులనుండి ఇనుప ఖనిజం రావలసి ఉన్నది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సామర్థ్యం 1967 నాటికి 25 లక్షల టన్నులకు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు పెరిగింది. భారత రైల్వేల పట్టాలు అధికభాగం ఇక్కడ తయారైనవే. మన రైళ్లు ఏ ఊరికి పోయినా భిలాయి ఉక్కు మీదనే నడుస్తున్నాయని చెప్పినా అతిశయోక్తి కాదు.

కర్మాగారానికి ఇంజనీర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు కావలసి వచ్చారు. కేరళ, బెంగాల్, పంజాబు, ఒరిస్సా, బీహారులనుండి జనం తరలివచ్చారు. తెలుగువారు, అందులోను శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు అధికసంఖ్యలో వచ్చారు. 1931లో పూర్తి అయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం వారికి రాజమార్గమైంది. భిలాయి సెక్టర్ 5లోని బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తులు. సోవియట్ నిపుణులు కూడా కొంతకాలం ఈ నగరంలో నివసించారు. వారి రష్యన్ భాషలోనూ ‘మొలొదేత్స్’ అనే ఒక మెచ్చుకోలు ఉన్నది. యౌవనాన్ని సూచించే ధాతువునుండి పుట్టిన ఆ మాటతో పనివానినీ, పనిమంతురాలినీ, పసిపిల్లవానినీ కూడా అభినందిస్తారు.

ఈ విధంగా అనేక భాషలు కలిసిన చోట ఆ నేల అసలు బిడ్డల స్థితి ఏమిటి? కర్మాగారం కోసం, నగరం కోసం పొలాలు ఇచ్చినవారు చుట్టుప్రక్కల గ్రామస్థులే. సాంకేతిక విద్య అప్పటికి వారికి అందుబాటులో లేదు. నైపుణ్యం గల ఉద్యోగాలు ఎక్కువగా బయటివారికి దక్కాయి. మట్టిపని, మోతపని స్థానికుల పాలబడింది. బయటినుండి వచ్చినవారిలో కొందరి నోట ‘ఛత్తీస్‌గఢియా’ అన్న మాట అమాయకుడు, పల్లెటూరివాడు అనే చులకన భావంతో వినబడేది. అటువంటి చోట ఆ పేరునే ముందుంచుకొని, దాని ప్రక్కన ‘సబ్‌లే బఢియా’ అని ప్రాస కట్టడంలో ఒక ప్రత్యుత్తరం ఉన్నది. నీవు దేనిని చులకన అనుకొంటున్నావో దానినే నేను తలపాగాలా ధరిస్తున్నాను అని దాని తాత్పర్యం. కోపంతో చెప్పవలసిన జవాబును నవ్వుతో చెప్పడం ఆ జనుల సంస్కారం.

ఆ ఆత్మగౌరవానికి కళలు బలం చేకూర్చాయి. రాయపూర్‌లో 1923లో జన్మించిన హబీబ్ తన్వీర్, ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను వారి భాషతోనే రంగస్థలం మీదికి తెచ్చారు. 1975నాటి ఆయన నాటకం ‘చరణ్‌దాస్ చోర్’కు 1982లో ఎడింబరో ఉత్సవంలో ‘ఫ్రింజ్ ఫస్ట్’ బహుమతి లభించింది. భిలాయి సమీపంలోని గనియారీ గ్రామంలో జన్మించిన తీజన్‌బాయి పాండవానీ గానంతో దేశవిదేశాలను మెప్పించారు. స్త్రీలు కూర్చుండి మాత్రమే పాడే ఆనవాయితీని దాటి, నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక పద్ధతిని చేపట్టినందుకు ఆమె తన సమాజపు ఆగ్రహాన్ని కూడా భరించవలసి వచ్చింది. ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రం కావడం, 2007లో ఛత్తీస్‌గఢీ భాషకు రాజభాషగా శాసన గుర్తింపు రావడం ఈ మాటకు మరింత ప్రచారం తెచ్చాయి.

ఆత్మగౌరవమా, ఆత్మస్తుతియా?

ఇక్కడ ఒక శంక కలుగవచ్చు. తన జాతిని తానే అందరికంటె మేటి అనుకోవడం ఆత్మస్తుతి కాదా? ‘ఆత్మస్తుతి, పరనింద’ అని మన పెద్దలు ఆ రెండింటినీ ఒకే ముడిలో కట్టిపెట్టారు. మహాభారతంలోని కర్ణపర్వ ఘట్టం ఇందుకు చక్కని ఉదాహరణ. కర్ణుని చేత గాయపడి శిబిరంలో ఉన్న ధర్మరాజు, కర్ణుడు ఇంకా జీవించి ఉన్నాడని తెలిసి అర్జునుని నిందించి, గాండీవాన్ని మరొకరికి ఇమ్మంటాడు. ఆ మాట అన్నవానిని వధిస్తానని అర్జునునికి ప్రతిజ్ఞ ఉన్నది. శ్రీకృష్ణుడు వారించి, పెద్దలను నిందించడమే వారిని వధించడంతో సమానమని ఉపాయం చెబుతాడు. అన్నను నిందించిన అర్జునుడు పశ్చాత్తాపంతో తన్ను తాను చంపుకోబోతే, ఆత్మస్తుతియే ఆత్మహత్యతో సమానం, నిన్ను నీవు పొగడుకో అంటాడు. పాండవానీ గాయకులు ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పాడేది ఆ మహాభారత గాథలనే. కనుక పొగడ్తలోని ప్రమాదం ఆ నేలకు తెలియనిది కాదు.

అయితే పైన చెప్పినది బలవంతుని ఆత్మస్తుతి. చులకనకు గురి అయినవాడు తలెత్తి నిలబడడానికి చెప్పుకొనే మాట వేరు. ఒకడు ఎత్తుమీద నిలిచి ఇంకా ఎత్తుకు ఎగబ్రాకడం అహంకారం. గోతిలోకి నెట్టబడినవాడు నేలమట్టానికి రావడం ఆత్మగౌరవం. ఈ రెండింటికీ సరిహద్దు ఎక్కడున్నదంటే, ఆ మాట మరొకరిని తక్కువ చేయడానికి ఉపయోగపడిన చోట. ‘సబ్‌లే’ అన్న మాటలో పోలిక ఉన్నది. పోలికలో ఎప్పుడూ రెండవవాడు ఒకడుంటాడు. ఆ రెండవవానికి ‘పరదేశియా’ అని పేరు పెట్టి వేలు చూపిన క్షణాన ఈ చల్లని మాట వేడెక్కుతుంది. రాజకీయ వేదికల మీద ఒక్కొక్కప్పుడు అట్లా జరగకపోలేదు. అందుచేత ఈ మాటను మెచ్చుకొనేవారు దాని రెండు వైపులను కూడా గుర్తించవలసి ఉన్నది.

వాడుకలోని తీరులు

ఈ మాట ఎట్లా ప్రయోగింపబడుతుందో కొంత వివరించుకుందాం. అతిథికి ఆదరంతో భోజనం పెట్టినప్పుడు అతిథి నోట ఈ మాట వస్తే అది కృతజ్ఞత. క్రీడాకారుడు గెలిచినప్పుడు తోటివారి నోట వస్తే అభినందన. ఊరు విడిచి దూరదేశంలో పనిచేస్తున్న ఇద్దరు ఛత్తీస్‌గఢియాలు కలుసుకొన్నప్పుడు ఒకడు మొదటి సగం అంటే రెండవవాడు మిగిలిన సగం పూర్తి చేస్తాడు. అప్పుడది బంధుత్వపు గుర్తు. పాండవానీలో ‘రాగీ’ అనే సహగాయకుడు హుంకారం పలికినట్లు, మన బుర్రకథలో వంతగాండ్రు అందుకొన్నట్లు, ఈ మాటకు కూడా ఒక వంత కావాలి. ఒంటరిగా పలికితే దీని అందం సగమే.

స్వరం మారితే అర్థం కూడా మారుతుంది. పని పాడుచేసిన మిత్రునితో మనం ‘భలేవాడివే!’ అంటాము. అక్కడ ప్రశంస లేదు. మెత్తని మందలింపు ఉన్నది. ఎవరైనా అతి మంచితనంతో మోసపోయినప్పుడు ‘సబ్‌లే బఢియా’ కూడా అట్టి జాలికీ, చమత్కారానికీ లోబడుతుంది. కష్టాలలో ఉన్న రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వక, ఈ ఒక్క మాటతో భుజం తట్టి పంపేవారి విషయంలో అది వట్టి ముఖస్తుతి అయిపోతుంది. కడుపు నింపని మెచ్చుకోలు ఎంతటి ప్రాసతో ఉన్నా మెచ్చుకోలు కాజాలదు.

మరొక విశేషం. ‘శభాష్’ పైనుండి క్రిందికి ప్రవహించే మాట. గురువు శిష్యునితో అంటాడు, శిష్యుడు గురువుతో అనడు. ‘సబ్‌లే బఢియా’కు అటువంటి మెట్లు లేవు. అది ఒక వ్యక్తిని గాక ఒక సమూహాన్ని ఉద్దేశించినది గనుక చిన్నవాడు పెద్దవానితోనూ, కూలివాడు అధికారితోనూ నిస్సంకోచంగా అనవచ్చు.

తెలుగు చేయడం ఎట్లా?

హిందీనుండి తెలుగులోకి అనువదించేవారికి ఈ చిన్న వాక్యం పెద్ద పరీక్ష. ‘ఛత్తీస్‌గఢ్ వాసులు సర్వశ్రేష్ఠులు’ అంటే అర్థం చెడదు గాని, మాట కాస్తా ప్రభుత్వ ప్రకటన అయిపోతుంది. ‘ఛత్తీస్‌గఢ్ వాడే మొనగాడు’ అంటే వేగం వస్తుంది. కాని ‘బఢియా’కు స్త్రీపురుష భేదం లేదు, ‘మొనగాడు’కు ఉన్నది. తీజన్‌బాయిని వెలుపల నిలబెట్టే అనువాదం ఎంత లయబద్ధమైనా న్యాయమైనది కాదు. ‘ఛత్తీస్‌గఢ్ జనం, అందరిలో ఘనం’ అంటే ప్రాస నిలుస్తుంది, స్త్రీపురుషులు ఇరువురూ ఇముడుతారు. అయినా ‘ఘనం’లో ఉన్న బరువు ‘బఢియా’లో లేదు. ‘కైసే హో’ అని అడిగినవానికి ‘బఢియా’ అని చెప్పి సైకిలు తొక్కుకుంటూ పోయే కార్మికుని తేలికదనం ‘ఘనం’లోకి రాదు. కనుక సందర్భాన్ని బట్టి మూలాన్నే తెలుగు లిపిలో ఉంచి, ప్రక్కన అర్థం చెప్పడమే కొన్ని చోట్ల మేలు. ఇడ్లీని, రసగుల్లాను అనువదించకుండానే దేశమంతా ఆరగిస్తున్నది కదా!

ఎవరు ఛత్తీస్‌గఢియా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. శ్రీకాకుళం జిల్లా పల్లెనుండి వచ్చి కొలిమి దగ్గర జీవితమంతా గడపిన కార్మికుని మనుమడు భిలాయిలో పుట్టాడు, అక్కడే చదివాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆటస్థలంలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతాడు. సంక్రాంతికి అరిసెలు తింటాడు, హరేలీ పండుగకు గేడీ ఎక్కి నడుస్తాడు. అతడు ‘ఛత్తీస్‌గఢియా, సబ్‌లే బఢియా’ అని అంటే దానిని ఆ నేల ఆమోదిస్తుందా?

ఈ ప్రశ్నకు సమాధానం చట్టంలో దొరకదు, వాడుకలో దొరుకుతుంది. ‘ఇయా’ అనే ప్రత్యయం పుట్టుకను గురించి మాత్రమే మాట్లాడదు. చెందడాన్ని గురించి మాట్లాడుతుంది. చెందడం ఇరువైపుల బాధ్యత. వచ్చినవాడు ఆ నేల భాషను నేర్చి, ఆ నేల బిడ్డను చులకన చేయక, ఆ నేల మేలును తన మేలుగా భావించాలి. ఉన్నవాడు వచ్చినవానికి వంతపాటలో చోటు ఇవ్వాలి. మొదటిది లేకుండా రెండవది కోరడం న్యాయం కాదు. మొదటిది ఉన్న తరువాత రెండవది నిరాకరించడమూ న్యాయం కాదు.

వేరువేరు గనులనుండి వచ్చిన ఖనిజం, బొగ్గు, సున్నపురాయి కొలిమిలో కలిస్తేనే ఇనుము పుడుతుంది. భిలాయి నగరం కూడా అట్టి కొలిమియే. మెచ్చుకోలు మాటను ఒక్కడు గట్టిగా అరిస్తే అది బడాయి. పదిమంది కలిసి నవ్వుతూ అంటే అది బఢియా. మన విద్యార్థులు తమ తమ ప్రాంతాలలోని ఇటువంటి మెచ్చుకోలు మాటలను సేకరించి, వాటి పుట్టుకను విచారించి, పొరుగు భాషల మాటలతో పోల్చి చూస్తే, ఏ నిఘంటువూ చెప్పని జాతీయ సమైక్యతా పాఠం వారికి లభిస్తుంది. పొరుగువానిని వాని మాటలోనే మెచ్చుకోగలిగిననాడు అతడు మనకు పరాయివాడు కాడు.